రత్నమణి ఎడమ చీలమండ

రత్నమణిని అత్తగారు దేవమణి ‘కాలుగాలిన పిల్లి’ అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. ఇల్లు నందిగామలో, ఇంగ్లీషు టీచరు ఉద్యోగం జగ్గయ్యపేటలో. బస్సులో సీటు దొరికినా కూర్చోదు. క్లాసులో కుర్చీ ఆమె హ్యాండ్‌బ్యాగుకే పనికొస్తుంది.

నలభై దాటాక ఆ కాళ్లకు కొత్త కోరిక పుట్టింది. స్కూలు వార్షికోత్సవానికి డాన్సు వీడియోలు వెతుకుతుంటే, ఒకామె కాలివేళ్ల కొనల మీద లేచి, నేలతో పనిలేనట్టు సాగిపోవడం కనిపించింది. అది బ్యాలే అని తెలుసుకుంది. వాకబు చేసి, విజయవాడలో మనోజ్ఞ అనే అమ్మాయి దగ్గర శనివారం సాయంత్రం క్లాసులో చేరింది. ఆదివారం ఎటూ చర్చికి వెళ్లాలి.

మొదటి రోజే అడిగింది: “ఆ వేళ్ల మీద నిలబడే షూస్ ఎప్పుడిస్తారండీ?”

మనోజ్ఞ నవ్వింది. “ముందు కాళ్లు తయారవ్వాలి మేడమ్. ఒంటికాలి మీద మడమ ఎత్తితే చీలమండ వణక్కూడదు. కాలు చాపితే పాదం మోకాలి కింది ఎముకతో ఒకే గీతలోకి రావాలి. ఆ రెండూ లేకుండా షూస్ వేస్తే దెబ్బలు తగుల్తాయి.”

ఇక రత్నమణికి అదే ధ్యాస. వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించేది. తువ్వాలు నేల మీద పరిచి కాలివేళ్లతో దగ్గరికి లాక్కునేది. పాదానికి రబ్బరు పట్టీ తగిలించి ముందుకు తోసేది. బస్సులో కడ్డీ పట్టుకుని లేస్తూ దిగుతూ ఉంటే కండక్టరు, “ఏం మేడమ్, స్టాపు కనపడట్లేదా?” అన్నాడు.

పిక్కల్లోకి బలం వచ్చింది. కుడిపాదం చక్కగా సాగింది. ఎడమది మాత్రం మొరాయించింది. ఇంటర్ చదివేటప్పుడు సైకిల్ మీంచి పడి ఆ చీలమండ విరగ్గొట్టుకుంది. కాలు కింద పెట్టొద్దని డాక్టరు ఎంత చెప్పినా వినకుండా ముందే లేచి తిరిగింది. ఎముక అతుక్కుంది గానీ కీలు బిగుసుకుపోయింది.

ఇప్పుడూ ఆగలేకపోయింది. ఒకరోజు మంచం పట్టె కింద ఎడమపాదం దూర్చి, అది సాగేలా వెనక్కి వాలింది. కళ్లముందు మెరుపులు మెరిశాయి. కాసేపటికే చీలమండ బూరెలా పొంగింది. భర్త జయరాజ్ ఐసుగడ్డలు గుడ్డలో చుట్టి అద్దాడు.

“ఎందుకంత తొందర రత్నం? ఆ డాన్సు ఎక్కడికీ పారిపోదుగా?”

“పారిపోయేది వయసండీ,” అంది.

వాపు తగ్గాక వెళ్తే, మనోజ్ఞ ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని మెల్లగా వంచి చూసింది. అనుమానమొచ్చి ఎక్స్‌రే తీయించి డాక్టరుకు చూపించమంది. ఆయనతో ఫోన్లో మాట్లాడాక మనోజ్ఞ మొహం చిన్నబోయింది.

“ఎముకే అడ్డుపడుతోందట మేడమ్. ఈ కాలు ఇంతకన్నా సాగదు. నేను షూస్ ఇవ్వలేను.”

“ఒక్కసారికైనా?”

“ఒక్కసారికి కూడా ఇవ్వను.”

రత్నమణి బస్టాండుకొచ్చింది. నందిగామ బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఆమె ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూనే ఉంది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు. డాక్టరు మాట వినని ఆ ఇంటర్ పిల్లను పట్టుకుని రెండు తగిలించాలనిపించింది.

జయరాజ్ ఫోన్ చేశాడు. “బస్సుల్లేవా?”

“ఉన్నాయి. ఎక్కబుద్ధి కావట్లేదు.”

“నేను రానా?”

“వద్దులెండి. వస్తున్నా.” ఆ రోజు మాత్రం బస్సులో కూర్చుంది.

మరుసటి శనివారం మళ్లీ బ్యాగు భుజాన వేసుకుంటే దేవమణి ఆశ్చర్యపోయింది. “ఆ బూట్లు ఇయ్యనందిగా! మళ్లీ ఎందుకే?”

“మెత్తటి షూస్‌తో చేసేవీ ఉన్నాయత్తయ్యా.”

మనోజ్ఞ ఆమెకోసం మడమలెత్తి చేసే ఒక చిన్న నాట్యం సిద్ధం చేసి ఉంచింది. రత్నమణి ఎడమకాలి మీద నిలబడి, మడమ పైకెత్తి, గోడ కడ్డీ మీంచి చెయ్యి తీసేసింది. చీలమండ వణకలేదు. మనోజ్ఞ చప్పట్లు కొట్టింది.

రత్నమణికి తనివి తీరలేదు. “ఇంకాస్త లేస్తుందేమో చూడనా?”

“చాలు మేడమ్, దించండి.”

దించింది. మనోజ్ఞ అటు తిరగ్గానే మళ్లీ ఎత్తింది.