లెక్కల సార్ మీద మీటింగ్

ఆదివారం పొద్దున పక్క దులుపుతుంటే మావాడి దిండు గలీబు మీద ఎండిన నెత్తురు కనిపించింది. చిన్న మరకే, దాని చుట్టూ పచ్చగా చీము. వాడప్పుడు ఏడో తరగతి. ముక్కు కారిందేమో అనుకుని వెనకనుంచి పిలిచాను. పలకలేదు. ఎడం భుజం పక్కన నిలబడి పిలిచినా పలకలేదు. గడ్డం పట్టుకుని ముఖం తిప్పితే చెవి కిందనుంచి మెడదాకా నెత్తుటి చార గట్టిపడి ఉంది.

"ఏటయ్యిందిరా?"

"బాల్ తగిలిందమ్మా. ఫుట్‌బాల్."

మా ఆయనది ఓడమీద ఉద్యోగం. ఆ వారం నికోబార్ ట్రిప్పులో ఉన్నాడు, ఫోను కలవదు. నేనే ఆటో పిలిచి హాస్పిటల్‌కి తీసుకెళ్ళాను. చెవి డాక్టరు లైటు వేసి చూశాడు. నన్నేమీ అడగలేదు. వాడివైపు వంగి, "కిస్‌నే మారా, బేటా?" అన్నాడు. ఎవరు కొట్టారని అడిగేసరికి వాడు నేల చూశాడు. "సార్" అన్నాడు. "మ్యాథ్స్ సార్."

చెవి లోపలి పర్దా చిరిగిందట. నీళ్ళు పోకూడదు, సముద్రంలో మునగకూడదు, కొన్ని నెలల్లో దానంతటదే పూడుకోవచ్చు, పూడకపోనూవచ్చు అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చే దారిలో ఆటోలో వాడు నా కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చాడు. చిన్నప్పుడు తప్ప ఎప్పుడూ అలా ఏడవలేదు.

లెక్కల సార్ గురించి మా పేట జంగ్లీఘాట్‌లో తెలియనివాళ్ళు లేరు. మావాడు చదివే గవర్నమెంటు మిడిల్ స్కూలుకి వచ్చే టీచర్లు చాలామంది వచ్చిన రోజునుంచే మెయిన్‌లాండ్ ట్రాన్స్‌ఫర్ కోసం తిరుగుతారు. ఆయన మాత్రం ఉండిపోయాడు. బడి మొదలవక ముందే వచ్చి వెనకబడ్డ పిల్లలకి ఊరికే చెప్పేవాడు. ఆయన దగ్గర చదివినవాళ్ళు పెద్ద స్కూళ్ళ ఎంట్రన్సుల్లో సీట్లు తెచ్చుకునేవాళ్ళు. ఆయన టేబులు మీద మూరెడు నీళ్ళ పైపు ముక్క ఒకటి ఉండేది. పిల్లలు దానికి మామాజీ అని పేరు పెట్టారు. "ఇవాళ మామాజీ ఎన్ని పెట్టాడ్రా?" అని ఒకరినొకరు అడుగుతూ, నిక్కరు పైకి లాగి తొడలమీద వాతలు చూపించుకుంటూ నవ్వుకునేవాళ్ళు.

నేనూ ఆ బళ్ళోనే చదివాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకొచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నన్ను బళ్ళో చేర్పించిన రోజు టీచరుతో, "సంపేసినా అడగను, సదువు మాత్రం రావాల" అన్నాడట. ఆ మాట ఇంట్లో నవ్వుకుంటూ చెప్పుకునేవాళ్ళం. మా వీధిలో ఇప్పటికీ అందరిదీ అదే అభిప్రాయం.

సోమవారం షిప్పింగ్ ఆఫీసుకి సెలవు పెట్టాను. టికెట్ కౌంటర్లో నా పని. ఓడ క్యాన్సిలైన రోజు అద్దం అవతలనుంచి మగాళ్ళు గుద్దులు గుద్దుతూ తిడుతుంటే వినడం నాకు అలవాటే. అందుకని స్టాఫ్ రూములోకి పెద్ద భయం లేకుండానే వెళ్ళాను. సార్ పిల్లల కాపీలు దిద్దుతున్నాడు. సన్నటి మనిషి, శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కా. విషయం చెప్తే తల కూడా పూర్తిగా ఎత్తలేదు.

"నేను మీ అబ్బాయి మీద చెయ్యి వెయ్యలేదు, మేడం," అన్నాడు హిందీలో.

"వాడు అబద్ధం చెప్తున్నాడా?"

"నేను చెయ్యి వెయ్యలేదు. కావాలంటే క్లాసంతటినీ అడగండి."

ఆ నింపాదికి నాకు ఒళ్ళు మండిపోయింది. టేబులు మీద పైపు ముక్క తీసి గోడకేసి కొట్టాను. అది ఎగిరి అల్మైరా అద్దానికి తగిలి అద్దం పగిలింది. ప్యూను పరిగెత్తుకొచ్చాడు. హెచ్.ఎం. మేడం నన్ను తన గదిలోకి తీసుకెళ్ళి మంచినీళ్ళిచ్చింది. ఆవిడ కొత్తగా వచ్చింది. శనివారం పేరెంట్స్ మీటింగ్ పెడతానని, ఆ పిమ్మట తనే పైకి రాస్తానని, అందాకా పోలీసులదాకా వెళ్ళొద్దని హిందీలో బతిమాలింది. వెళ్తానని నేను గట్టిగానే చెప్పి వచ్చేశాను.

నేను ఇల్లు చేరేలోపే కబురు వీధికి చేరింది. కుళాయి దగ్గర ఒకామె బిందె కింద పెట్టి నాకు అడ్డం వచ్చింది. "నీ గుంటడొక్కడి సెవి కోసం మా గుంటల సదువులు బుగ్గి సేత్తావేటి?" అంది. నేను పక్కనుంచి పోబోతే జబ్బ పట్టుకుని లాగింది. గోళ్ళు దిగాయి.

మా దీవుల్లో చలికాలం సాయంత్రం అనేదే ఉండదు, ఇట్టే చీకటి పడిపోతుంది. దీపాలు పెట్టే వేళకి రేకుల మీద మొదటి రాయి పడింది. తర్వాత వరసగా పడ్డాయి. రేకుల కింద ఆ చప్పుడు తలకాయలోనే పగిలినట్టుంటుంది. మావాడు బాగున్న చెవిని అరచేత్తో మూసుకుని మంచం కిందకి దూరాడు. ఒక రాయి కిటికీ అద్దం పగలగొట్టుకుని వచ్చి నా కనుబొమ్మ చీల్చింది. నెత్తురు కంట్లోకి దిగుతుంటే, చేపలు కోసే కత్తి పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. "రండ్రా!" అని అరిచాను. వీధిలో ఎవ్వరూ లేరు. ఎదురింటి అరుగు మీద మాత్రం ఆ ఇంటాయన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

ఆయనకి రెండు డింగీ పడవలున్నాయి. చిన్నప్పటినుంచి నన్ను చెల్లీ అనే పిలుస్తాడు. వాళ్ళమ్మాయి మావాడి క్లాసే, లెక్కల్లో ఎప్పుడూ ఫస్టు. సార్ అంటే ఆయనకి దేవుడు.

"కత్తి లోపలెట్టు, సెల్లీ," అన్నాడు వలమీంచి కళ్ళు తియ్యకుండా. "ఆ కంప్లైంట్ మాట మానెయ్. రాళ్ళు అయ్యే ఆగిపోతాయి."

"ఎవరేశారన్నయ్యా?"

"నానేటి సూడలేదు."

శనివారం కనుబొమ్మకి కుట్లతో మీటింగ్‌కి వెళ్ళాను. బల్లలన్నీ నిండిపోయి గోడల పక్కన కూడా నిలబడ్డారు. తెలుగువాళ్ళు, బెంగాలీలు, తమిళులు, రాంచీవాళ్ళు, అందరూ మాట్లాడేది హిందీలోనే. పిల్లల్ని వరండాలో ఉంచారు. వాళ్ళు కిటికీ చువ్వలు పట్టుకుని లోపలికి చూస్తున్నారు. సార్ ముందు వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

మేడం అభిప్రాయాలు చెప్పమంది. ఫెరార్గంజ్ నుంచి వచ్చిన ఒకామె ముందు లేచింది. వాళ్ళ ఊళ్ళో లెక్కలు చెప్పేవాళ్ళే లేరట, ఈ సార్ కోసమే కొడుకుని చెల్లెలింట్లో పెట్టి చదివిస్తోందట. "ఈయన్ని పంపించేస్తే నా కొడుకు పొలంలోకే," అని ఏడ్చేసింది. ఆమె ఏడుపు నాకు అబద్ధం అనిపించలేదు. ఇంకొకాయన లేచి, "కొట్టండి సార్, కళ్ళూ చెవులూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి," అన్నాడు చాలా వినయంగా. అందరూ నవ్వారు. ఇంట్లో మేం కొడితే లెక్కలేదు, బళ్ళో కొడితేనే భయం అన్నారొకరు. బాత్‌రూముల్లో నీళ్ళు లేవని ఒకామె మొదలుపెడితే, అది తర్వాత చూద్దాం అని కూర్చోబెట్టారు.

నేను లేచాను. చెవి సంగతి, రాళ్ళ సంగతి చెప్పాను. రాళ్ళనగానే గోల మొదలైంది. "ఎవరేశారో పేరు చెప్పు!" అని అరిచారు. చూసినవాడు ఒకడున్నాడు, చెప్పడం లేదంతే అని ఎదురింటాయన వైపు చెయ్యి చూపించాను. ఆయన బల్ల దాటి వచ్చాడు. కొట్టాలనే వచ్చాడో, నా చెయ్యి దించాలనే వచ్చాడో నాకిప్పటికీ తెలీదు. రెండు చేతులతో ఒక్క తోపు తోశాడు. నా మూతి బల్ల అంచుకి తగిలింది. పన్ను విరిగిన చప్పుడు నాకే వినపడింది. నోరు వెచ్చగా నిండిపోయింది.

"బస్!" అని మేడం టేబులు మీద రెండు చేతులూ బాదింది. హాలు అణిగింది. "పెద్దవాళ్ళ అభిప్రాయాలు చూశాను. ఇప్పుడు చదువుకునేవాళ్ళు చెప్తారు. క్లాసులో ఏమవుతుందో వాళ్ళని చెప్పనివ్వండి."

కిటికీ దగ్గర ఎవరూ కదల్లేదు. సార్ మొదటిసారి తల తిప్పి అటు చూశాడు. అప్పుడు తలుపులోంచి ఎదురింటాయన కూతురు లోపలికి వచ్చింది. రెండు జడలు, చేతులు కట్టుకుని నిలబడింది. వాళ్ళ నాన్న మొహం వెలిగిపోయింది. తన కూతురు సార్ తరఫున చెప్తుందనుకున్నాడు.

"సార్ బాగా చెప్తారు," అంది హిందీలో. "నాకు మ్యాథ్స్ ఇష్టం. సార్ నన్నెప్పుడూ కొట్టలేదు."

అటూ ఇటూ తలలూగాయి. ఆ పిల్ల ఆగింది. తర్వాత నావైపు తిరిగి తెలుగులో మొదలుపెట్టింది.

"తప్పు చెప్పినవాళ్ళని కరెక్ట్ చెప్పినవాళ్ళు చెంపమీద కొట్టాలి, ఆంటీ. అది సార్ రూలు. మెల్లిగా కొడితే మామాజీ మాకు పడుతుంది. మీవాణ్ణి సార్ కొట్టలేదు. నేను కొట్టాను. ఫస్ట్ మెల్లిగానే కొట్టాను. సార్ 'ఔర్ జోర్ సే' అన్నారు. మళ్ళీ కొట్టాను. ఇంకా గట్టిగా అన్నారు. అప్పుడు కళ్ళు మూసుకుని కొట్టాను. రోజూ పొద్దున్న నాకు వాంతొస్తాది. ఎవరూ తప్పు చెప్పకూడదని దండం పెట్టుకుంటాను."

తెలుగు రానివాళ్ళు పక్కవాళ్ళని ఏమందని అడుగుతున్నారు. ఆ మాట హిందీలోకి, బెంగాలీలోకి, తమిళంలోకి మారుతూ వెనక వరసలదాకా పోవడం నాకు కనిపించింది. అది వెనక గోడదాకా వెళ్ళేలోపే ఆ పిల్ల తండ్రి వచ్చి దాని చెంప మీద కొట్టాడు. పిల్ల పక్కకి పడింది. "అందర్లో నా పరువు తీత్తావా!" అని మళ్ళీ చెయ్యెత్తాడు. నేను మధ్యలోకి దూకాను. ఆ దెబ్బ నా వీపు మీద పడింది. పిల్లని కింద అదిమి పట్టుకుని బల్ల కిందకి లాక్కున్నాను. నా నోట్లో నెత్తురు దాని తెల్ల చొక్కా మీద కారింది.

ఆయన ఒక క్షణం తన చెయ్యి చూసుకుంటూ నిలబడ్డాడు. ఆనక సార్ వైపు తిరిగాడు.

అక్కణ్ణుంచి బల్ల కిందనుంచి కాళ్ళే కనిపించాయి. సార్ బూట్లు వెనక్కి వెనక్కి వెళ్ళి గోడకి ఆగాయి. చెప్పులేసుకున్న పాదాలు ఆయన్ని చుట్టుముట్టాయి. అరగంట క్రితం ఈ సార్ లేకపోతే మా పిల్లలేం కావాలి అన్నవాళ్ళే. కళ్ళూ చెవులూ వదిలేసి కొట్టమన్నాయన గొంతు అన్నిటికన్నా పైకి వినిపించింది. మొదటి దెబ్బ చప్పుడికి నాకు కసి తీరినట్టు అనిపించింది, నిజం. తర్వాత సార్ కింద పడ్డాడు. ముఖం నావైపే ఉంది. కళ్ళజోడు లేకపోతే చాలా చిన్నవాడిలా ఉన్నాడు. ఎవరో స్టాఫ్ రూములోంచి పైపు ముక్క తెచ్చారు. దాని దెబ్బకి మెడ దగ్గర ఎముక విరిగినప్పుడు ఆయన తన భాషలో అమ్మా అని అరిచాడు. ఆగండి అని అరవబోయాను. విరిగిన పంటితో, వాచిన పెదాలతో మాట కాలేదు.

ఆపింది పిల్లలు. కిటికీ దగ్గర ఒక్కసారిగా ఏడుపు లేచింది. "మత్ మారో! సార్ కో మత్ మారో!" అని, కొట్టొద్దని అరుస్తూ లోపలికి తోసుకొచ్చేశారు. మావాడు వాళ్ళందరికంటే ముందు ఉన్నాడు. ఎవరి తండ్రి నడుం వాళ్ళు పట్టుకుని వెనక్కి లాగారు. ఒకడు తండ్రి చెయ్యి కొరికాడు. మేడం సార్ మీద అడ్డంగా పడిపోయింది. పోలీసులొచ్చేసరికి పెద్దవాళ్ళందరూ గోడలకి ఆనుకుని రొప్పుతున్నారు, పిల్లలు నేలమీద కూర్చుని ఉన్నారు.

సార్‌ని, నన్ను ఒకే జీపులో హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. దార్లో ఒక్కసారి, "ఆ పిల్లకి దెబ్బ తగిలిందా?" అని అడిగాడు. లేదన్నట్టు తల ఊపాను. కళ్ళు మూసుకున్నవాడికి తల ఊపితే ఏం తెలుస్తుందని తర్వాత అనిపించింది. కానీ ఆయనతో మాట్లాడాలని అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఎంక్వైరీ జరిగింది. సార్‌ని సస్పెండ్ చేశారు. చెయ్యి కట్టుతోనే మెయిన్‌లాండ్ ఓడ ఎక్కాడు. ఎదురింటాయనతోబాటు మరికొందరి మీద కేసు పెట్టారు. మా ఆయన ట్రిప్పు నుంచి దిగేసరికి అంతా అయిపోయింది. నా మూతి, కొడుకు చెవి చూసి, ఎవర్ని కొట్టాలో తెలియక పెరట్లో కొబ్బరిబొండాలు నరుకుతూ కూర్చున్నాడు.

చాలా రోజులు లెక్కల పీరియడ్‌కి టీచరెవరూ రాలేదు. పిల్లల్ని గ్రౌండ్‌లోకి వదిలేసేవారు. కుళాయి దగ్గర మాట మారింది. కొందరు నన్ను తిట్టారు, ఎక్కువమంది ఆ పిల్లనే తిట్టారు. నోరు మూసుకుంటే పోయేది కదా అన్నారు. వాళ్ళ నాన్న దాన్ని బడి మాన్పించేశాడు. ఒకరోజు పొద్దున నేను ఎదురింటి మెట్లెక్కి, ఆయన్ని పలకరించకుండా, "బ్యాగు తెచ్చుకో" అన్నాను. పిల్ల తండ్రి వైపు చూసింది. ఆయన వీధిలోకి చూశాడు. "ఎల్లు," అన్నాడు. "ఆంటీ పిలుత్తంది కదా."

మొదట్లో బడికి మావాడూ ఆ పిల్లా నాకు చెరోపక్కా నడిచేవాళ్ళు, మాటల్లేకుండా. కొట్టేముందు తను ఏడ్చిందమ్మా అని మావాడు నాకు విడిగా చెప్పాడు. ఆ పిల్ల పేరు బయటికి రాకూడదనే డాక్టరుకి సార్ అని చెప్పాడట. క్రమంగా నన్ను వెనక వదిలేసి ఇద్దరూ ముందు నడవడం మొదలుపెట్టారు.

వర్షాలు మొదలయ్యాక కొత్త లెక్కల సార్ వచ్చాడు. ఒకరోజు అన్నాలు తింటుంటే మావాడు చెప్పాడు. కొత్త సార్ ఆ పిల్లని క్లాస్ మానిటర్‌గా ఉండమన్నాడట, అది లేచి వద్దని చెప్పిందట.

"ఎందుకని అడగలేదా సార్?"

"అడిగారు. నాకు ఇష్టం లేదు సార్ అంది. ఠీక్ హై, కూర్చో అన్నారు."

"అంతేనా?"

"అంతే. అమ్మా, ఇంకో ముక్క చేప వెయ్యి."