పండు కోసమే వచ్చిన కోతి

నా చిన్నప్పుడు నేనంటే గిట్టని మనిషి ఒకావిడ ఉండేది, మా పెద్దమ్మ. ఆవిడంటే నాకూ గిట్టేది కాదు. అమ్మను రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చినప్పుడు నాన్న నన్ను ఆ వేసవంతా గోదావరి లంకలో ఉన్న పెద్దమ్మ ఇంట్లో వదిలి వెళ్ళారు. ఆవిడ వేళకు అన్నం పెట్టేదే గాని ఆప్యాయంగా ఒక్క మాట అనేది కాదు.

ఇంటి వెనక అరటితోటలోకి కోతులు దిగేవి. పెద్దమ్మ కర్ర పట్టుకుని తరిమేది. నేనేమో ఆవిడ చూడకుండా చక్కెరకేళి పళ్ళు తీసుకెళ్ళి వాటికి పెట్టేదాన్ని. నన్ను చూడగానే గట్టు దాకా పరుగెత్తుకొచ్చే పెద్ద మగకోతి ఒకటుండేది. అక్కడ నా కోసం ఎదురుచూసే ప్రాణి అదొక్కటే అని పొంగిపోయేదాన్ని.

ఒకరోజు పళ్ళు దొరకలేదు. స్నేహితులమే కదా అని ఒట్టి చేతులతో వెళ్ళాను. అది నా చేతులు చూసి, పరికిణీ పట్టుకుని లాగింది. నేను దాని కళ్ళలోకి చూసి నవ్వాను. అంతే, కోరలు బయటపెట్టి మీదికి ఉరకబోయింది.

"నవ్వకే, పళ్ళు కనబడనీకు. కళ్ళు దించు. కదలకు" అని పెద్దమ్మ గొంతు వినిపించింది. ఆవిడ పరుగెత్తలేదు, కర్ర ఎత్తలేదు. మెల్లగా వచ్చి, దానికి వీపు పెట్టి, మా ఇద్దరి మధ్య కూర్చుంది. అది గుర్రుమంటూ కాసేపు నిలబడి తోటలోకి పోయింది.

ఏడుస్తూ ఆవిడను వాటేసుకోబోతే నా చేతులు విడిపించుకుంది.

"అది నీకోసం ఏనాడూ రాలేదే పిచ్చిదానా. పండు కోసం వచ్చింది."

ఆ మాటకు ఆవిడను ఎంత అసహ్యించుకున్నానో చెప్పలేను.

తరవాత కోతుల మీద పరిశోధనే నా ఉద్యోగమైంది. కొండ అడవుల్లో ఏళ్ళ తరబడి వాటి వెంట తిరిగాను, ఒక్క గింజ కూడా పెట్టకుండా. కోతులకు పళ్ళు పంచి ఫొటోలు దిగేవాళ్ళను చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొదట్లో అడవి కోతులు నన్ను చూసి అరిచేవి, కొమ్మలు విరిచి మీద పడేసేవి. చూపు దించుకుని కూర్చునేదాన్ని. చివరికి ఒక తల్లికోతి బిడ్డను పొట్టకు హత్తుకుని, నేనక్కడ లేనట్టే, పక్కన కునుకు తీసింది. దానికి నా దగ్గర్నుంచి ఏమీ అక్కర్లేదు.

అవి మిమ్మల్ని ప్రేమిస్తాయా మేడమ్ అని విద్యార్థులు అడుగుతుంటారు. ప్రేమించవు, ఓర్చుకుంటాయి అంటాను.

పెద్దమ్మంటే నాకు ఈనాటికీ ఇష్టం లేదు. కాని నేనంటే గిట్టకపోయినా ఆ కోరలకు అడ్డంగా కూర్చున్నది ఆవిడే. నన్ను ముద్దు చేసినవాళ్ళలో ఎవరైనా ఆ పని చేసేవారా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.