రెండు పూటల సంతకం

ఆ సర్టిఫికెట్‌ను నేనింకా గోడకు తగిలించలేదు.

ఆసుపత్రుల్లో మందులిచ్చే మాలాంటి ఫార్మసిస్టులకు ఆదోనిలో ఇచ్చిన శిక్షణ తాలూకుది అది. శిక్షణ అనడమే ఎక్కువ. మధ్యాహ్నం పూట హాజరు సంతకం కూడా పొద్దున్నే పెట్టేశాం. బిర్యానీ తిని, ముందే అచ్చేసి ఉంచిన సర్టిఫికెట్ పట్టుకుని నేను ఎమ్మిగనూరు బస్సెక్కాను.

పక్క సీట్లో మగ్గం నేసే ముసలాయన. నా చేతిలోని సర్టిఫికెట్ ఏమిటో అడిగి తెలుసుకుని, సంచిలోంచి రెండు బీపీ మాత్రల అట్టలు తీశాడు. ఒకటి ఆదోని డాక్టరు రాసిందట, ఇంకొకటి ఎమ్మిగనూరు డాక్టరు రాసిందట.

"రెండూ ఏసుకుంటే కండ్లు తిరుగుతాండాయప్పా."

ఈయనకేం తెలుస్తుందిలే అనుకుని, పైనున్న పెద్దక్షరాల పేర్లు మాత్రమే చూసి చెప్పేశాను. "వేరే వేరే మందులు తాతా. రెండూ ఏసుకో."

ఆయన ఆ పేర్ల కిందున్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు.

"నాకు ఇంగ్లీసు రాదు. అంచులు నేసి నేసి, ఒకటే మాదిరి ఉండేది మాత్రం కనపడ్తాది. ఈ వరసా ఆ వరసా ఒకటే కదా?"

ఒకటే. రెండు కంపెనీలు రెండు పేర్లు పెట్టి అమ్మే ఒకే మందు. నేను వినకుండానే సంతకం పెట్టిన మధ్యాహ్నం పాఠం సరిగ్గా దాని గురించే. రెండూ కలిపి వేసుకోవద్దని, ఈరోజే డాక్టరుకు చూపించమని గొణిగాను.

అట్టలు సంచిలో పెట్టుకుంటూ ఆయన నెమ్మదిగా అడిగాడు.

"నువ్వు యా ఆసుపత్రిలో మందులిస్తావప్పా?"

చెప్పాను.

"మంచిది. ఇంగ ఆడికి పోను."