తడి తువ్వాలతో దొరికిన వార్డెను సారు

నిజాం కాలంల నేను నల్లగొండ హాస్టల్ల ఉండి చదువుకున్న. సర్కారుకు ఎదురుగ పెట్టే సభలకు పోయే విద్యార్థుల కోసం పోలీసులు చెప్పకుండ వచ్చేటోళ్లు. అందుకే మా వార్డెను సారు మాకు రోజూ బోధించేటోడు: "పోలీసు అమీను వస్తే ఉరకొద్దు. కూసోబెట్టి నీళ్లియ్యండ్రి. ఏమడిగినా సారునడుగమనండ్రి."

ఒక పొద్దున అమీను నిజంగనే వచ్చిండు, నా పక్కన కూసున్న నర్సయ్య కోసం. సారు చెప్పినట్టే కుర్చీ వేసి నీళ్లిచ్చిన.

"నర్సయ్య ఎవడు?"

"సారునడగండి. స్నానం చేస్తున్నరు."

పోయి చూస్తే సారు లేడు. అమీను గొంతు విని వెనక గోడ దూకిండు!

ఇంతల పక్కింటి అవ్వ, తడి తువ్వాల చుట్టుకున్న సారును చెయ్యి పట్టి గుంజుకొచ్చింది.

"మా పెరట్ల దొంగ దొరికిండు. మీ సారునంటాండు, జర చూడుండ్రి!"

అమీను కడుపు పట్టుకొని నవ్విండు. "ముందు బట్టలు కట్టుకోండి సారూ, నేను మళ్లొస్త" అని పోయిండు. ఆయన మళ్లొచ్చేసరికి నర్సయ్య రామన్నపేటల మేనమామ ఇంట్ల ఉన్నడు.

సారు ఈ సంగతి దాచలే. కొత్తగ చేరినోళ్లకు తనే చెప్పి, "భయం నాకూ అయితది బిడ్డా" అనేటోడు. ఆయన బోధనల కన్న ఆ ఒక్క మాటే మాకు ఎక్కువ ధైర్యమిచ్చింది.