సాక్షికి అండీ పెట్టే వకీలు

మా ఆఫీసులో జూనియర్‌గా చేరిన ఆలియాకి లా అంతా వచ్చు, కోపం తెచ్చుకోవడం ఒక్కటే రాదు. క్రిమినల్ కేసుల్లో ముద్దాయి తరఫున నిలబడే వకీలుకి అదెంత లోటో నాకు తెలుసు. ఏలూరు కోర్టులో ఏళ్ల తరబడి అరిచి అరిచి బతుకుతున్నవాణ్ణి.

రోజూ తాడేపల్లిగూడెం నుంచి పొద్దున్న రైల్లో వస్తుంది. వాళ్ల నాన్న నబీ అక్కడ టైలరు. కూతురి నల్లకోటు ఆయనే కుట్టాడు. ప్రాక్టీసుతో పాటు పిల్ల కూడా ఒళ్లు చేస్తుందనుకున్నాడో ఏమో, బాగా వదులు పెట్టాడు. ఆ కోటు వేసుకుని మొదటిసారి క్రాస్ ఎగ్జామినేషన్‌కి లేచి, మనకి ఎదురు సాక్ష్యం చెప్పడానికి వచ్చిన కానిస్టేబులుని "భోజనం అయిందాండీ?" అని అడిగింది. కోర్టంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. సాక్షికి ఊపిరి తీసుకునే సందు ఇవ్వకూడదని ఆ సాయంత్రం చీవాట్లు పెట్టాను. అన్నీ విని "అలాగేనండీ" అంది. మర్నాడు మళ్లీ మామూలే. ఇంత ముద్దొచ్చే పిల్ల ఈ పనికెందుకొచ్చిందా అనుకునేవాణ్ణి.

అప్పుడు జ్ఞానయ్య కేసు వచ్చింది. కొల్లేటి పక్క ఊళ్లో చేపలు పట్టుకు బతికే మనిషి. ఎవరిదో చేపల చెరువులో మోటారు పోతే, ఎత్తుకుపోయింది ఇతనేనని కేసు పెట్టారు. మోటారు దొరకలేదు. ఉన్నదల్లా ఒక్క సాక్షి, ఆ చెరువు కాపలాదారు చిట్టిబాబు. జనవరి నెలలో, తెల్లవారుజామున, గట్టు అవతల మోటారు మోసుకుపోతున్న జ్ఞానయ్యని కళ్లారా చూశానంటాడు. ఆ మాట నిలబడితే జ్ఞానయ్య జైలుకే.

తీరా చిట్టిబాబుని ప్రశ్నించాల్సిన రోజున నా గొంతు పట్టేసింది. వాయిదా అడిగితే ఇవ్వలేదు. గత్యంతరం లేక ఆలియాని లేపాను. జ్ఞానయ్య నా వంక బిక్కచచ్చినట్టు చూశాడు.

ఆమె చిట్టిబాబుని అబద్ధాలకోరు అనలేదు. ఎన్నేళ్లుగా కాపలా ఉంటున్నారండీ అని అడిగింది. గట్టు మీద తలదాచుకోవడానికి పాకైనా ఉందాండీ అంది. లేదన్నాడు. నేను కింద నుంచి కోటు లాగుతున్నాను. లాగడానికి కావలసినంత గుడ్డ ఉంది కదా.

"జనవరిలో మంచు బాగా పడుతుంది కదండీ. ఆ గట్టు మీద ఎలా ఉంటున్నారు?" అంది.

చిట్టిబాబు మొహం మెత్తబడింది. ఆ మాట అతన్ని అంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు. "ఏం చెప్పమంటారమ్మా. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. గట్టు అవతలున్నది మనిషో గేదో కూడా తెలీదండి" అన్నాడు.

మేజిస్ట్రేటు గారు ఆ జవాబు రాయించారు. ఆలియా నమస్కారం పెట్టి కూర్చుంది. తానేమన్నాడో చిట్టిబాబుకి అప్పుడు తెలిసింది. ఇదంతా కేసు కోసం అడిగావా, నిజంగా జాలిపడి అడిగావా అన్నాను బయటికొచ్చాక. "రెండూనండీ" అంది.

తీర్పు రోజున చిట్టిబాబు కోర్టు వరండాలో నిలబడి ఉన్నాడు. ఎవరూ రమ్మనలేదు. చెరువు దగ్గర పని పోయిందని అప్పటికే విన్నాం. ఆలియా కంగారుగా వెళ్లి, ఎందుకొచ్చారండీ అని అడిగింది.

"అతను ఇంటికెళ్తాడో లేదో చూసి పోదామనమ్మా" అన్నాడు.

కేసు కొట్టేశారు. జ్ఞానయ్యా, చిట్టిబాబూ ఒకే బస్సుకి నడిచారు, దూరదూరంగా, మాట్లాడుకోకుండా. ఆలియా ఆ వదులు కోటు చేతితో కళ్లు తుడుచుకుంది. అవతలివాళ్ల సాక్షి కోసం వకీలు ఏడవకూడదని చెప్పాలి. ఆ రోజు నా గొంతు బాగానే ఉంది. అయినా చెప్పలేకపోయాను.