రాణికి రాని కోపం

నా చిన్నప్పుడు ఆబిడ్స్‌లో మేం చదివిన బడిలో వార్షికోత్సవానికి ఏటా ఒక పాత ఇంగ్లీషు నాటకం వేయించేవారు. ఆ ఏడు రాణి వేషం నాకొచ్చింది. కొడుకును చంపించిన రాజును నిండుసభలో నిలదీసే రాణి. మాటలన్నీ కంఠతా వచ్చు. అయినా నోరు తెరిస్తే, మంచినీళ్ళకు వెళ్ళొస్తానని టీచరును అడిగినట్టే ఉండేది. మరి ఇంగ్లీషులో మేం చేసిందంతా సెలవు అడగడం, తప్పయిందనడం. పోట్లాటలన్నీ తెలుగులోనే.

నాటకం నేర్పే టీచరుకు ఇదేమీ పట్టలేదు. నా యాస విని అందరి ముందూ నవ్వింది. మీ ఇళ్ళల్లో ఇంగ్లీషే లేదు, ఇక రాణులెక్కడినుంచి వస్తారంది. శనివారం ఇంకొక్కసారి విని, బాగుండకపోతే వేషం వేరే పిల్లకిస్తానంది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నాంపల్లిలో మా మేనత్త ఇంగ్లీషు పంతులమ్మ. ఏడుస్తూ ఆమె ఇంటికి వెళ్ళాను. ఓదారుస్తుందనుకుంటే, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, నీకెందుకే ఆ వేషం, ఇంకెవరికైనా ఇమ్మని నేనే వచ్చి చెప్తానంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"చెప్పనీకి నువ్వెవరత్తా? గా వేషం నాది. ఎవ్వరికీ ఇయ్య."

అత్త తలెత్తింది. "ఔ, గట్లనే నిలబడు. జర గిదే గొంతుతోని రాణి మాట అను."

అన్నాను. ఏం జరిగిందోనని పక్కింటివాళ్ళు వచ్చి తొంగిచూశారు. యాస మారలేదు. కానీ మొదటిసారి రాజు నాకు జవాబు చెప్పాల్సినవాడిలా కనిపించాడు.

శనివారం అలాగే చెప్పాను. హాలులో ఎవరూ కదల్లేదు. టీచరు మాత్రం, బాగానే ఉంది కానీ ఉచ్చారణ కుదరలేదని వేషం లాగేసుకుంది. వార్షికోత్సవం నాడు నేను బల్లెం పట్టుకుని భటుడిగా నిలబడ్డాను. అది అన్యాయం. ఇన్నేళ్ళ తర్వాత కూడా దానికి వేరే పేరు పెట్టను.

ఇప్పుడు ఆ పాత నాటకాలే నేను పిల్లలకు నేర్పుతున్నాను. మొదటి రోజు పుస్తకం తెరవం. ఎవరి మీద కోపముందో ఇంట్లో మాట్లాడే మాటల్లోనే చెప్పమంటాను. మొన్న ఒక తండ్రి, మా పాపకు యాస పోతుందా మేడం అని అడిగాడు. పోదు, పోగొట్టనని గట్టిగానే చెప్పాను. ఈ వయసులో కోపం మంచిది కాదని ఇంట్లోవాళ్ళు అంటారు. మిగతావి తగ్గించుకుంటాను గానీ, ఇది మాత్రం మా అత్త ఇచ్చింది.