ఒకటికెంత బావ

మా బావ కొలత గ్లాసును కిటికీ వెలుగుకెత్తి, ఒక కన్ను మూసి, నీళ్ళు గీత దగ్గర ఆగాయో లేదో చూస్తున్నాడు. రెండు చుక్కలు ఎక్కువయ్యాయి. ఆ రెండింటినీ వేలి కొనతో తీసి దులిపేశాడు. ఇదంతా ఫిల్ము కడిగే మందు కోసమనుకుంటే పొరపాటు. టీ కోసం.

దేనిలోనైనా ఒక పాలుకి ఎన్ని పాళ్ళు నీళ్ళు పోయాలో తేలకుండా మా బావ దాన్ని ముట్టడు. బట్టల సబ్బు పొడి, గోడ సున్నం, దగ్గు మందు, అన్నిటికీ ఒకటే ప్రశ్న: “ఒకటికెంత?” వీధిలో ఆయన పేరే అదైపోయింది. ఓసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికెళితే, బయటికొచ్చేసరికి డాక్టరు తల పట్టుకుని కూర్చున్నాడు.

“ఆ గ్లాసు మళ్ళీ నా వంటింట్లో కనిపించిందంటే బయటికి విసిరేస్తాను,” అంటుంది అక్కయ్య.

“విసురు. ముందు కడిగి విసురు,” అంటాడు.

ఆయన ఫిల్ములు కడుగుతాడు. పక్కగదిలో నేను కెమెరాలు బాగుచేస్తాను. నాకు ఎవరూ నేర్పలేదు. విప్పినవాటిని మళ్ళీ బిగించలేక తంటాలు పడి నేర్చుకున్నాను. అంచేత పని తొందరగా తెమలాలి నాకు. బావకి పని తెమలడం కంటే తేలడం ముఖ్యం.

ఆ సోమవారం లేత్ మేస్త్రిగారి భార్య ఒక ఫిల్ము రీలు తెచ్చింది. ముప్పై ఏళ్ళు ఒకే షెడ్డులో, ఇనుము చెక్కే ఒకే లేత్ మిషను మీద పనిచేసిన ఆయన శనివారం రిటైరవుతున్నాడు. ఆయన పనిచేస్తుండగా ఆవిడ ఎన్నడూ చూడలేదు. పోయిన వారం మేనేజరు దయతలచి ఒక్క పూట లోపలికి రానిచ్చి, ఆవిణ్ణి ఫోటోలు తీసుకోనిచ్చాడు. షెడ్డు చీకటిగా ఉంటుందని హైస్పీడ్ బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము వేసి, కెమెరా అరువిచ్చింది నేనే.

“శనివారం పదింటికి సభ అన్నయ్యగారూ. ఫోటోలు ఆయన చేతిలో పెట్టాలి. ఆ మిషను కూడా తీసేస్తున్నారట, ఇంక మళ్ళీ ఫోటో తీయడానికి లేదు.”

బావ రీలు అందుకుని మొదలుపెట్టాడు. “కిటికీ ఆయనకి ఎటువైపు?”

“ఎడమవైపు.”

“చొక్కా ఏ రంగు?”

“నూనె రంగు. కొన్నప్పుడు ఏ రంగో ఆయనకే గుర్తులేదు.”

“మంచిది. నీళ్ళు కుదరగానే ఇస్తాను.”

నీళ్ళు కుదరగానే అన్న మాట నమ్మి, పెళ్ళి ఫోటోలు పిల్లలు పుట్టాక అందుకున్నవాళ్ళున్నారు మా వీధిలో.

మంగళవారం ముందు పరీక్షించాలంటూ అదే కెమెరాలో అలాంటి ఫిల్మే ఇంకోటి వేసి, మేనేజరుని బతిమాలి భోజనాల వేళ నన్ను షెడ్డుకి లాక్కెళ్ళాడు. మేస్త్రి నిలబడేచోట నిలబెట్టాడు.

“కదలకు.”

“ఊపిరో?”

“సగం పీల్చు.”

ఇంటికొచ్చి, ఆ రీలును చీకటి గదిలో ముక్కలుగా కత్తిరించి, మొదటి ముక్క మందు సీసా మీద రాసినట్టే కడిగి, వెలుగుకెత్తి చూశాడు. తిప్పి మళ్ళీ చూశాడు.

“ఏమైంది?” అన్నాను.

“నువ్వు రాలేదు.”

“మరి గంటసేపు అక్కడ నిలబడిందెవరు?”

“కిటికీ వచ్చింది. నువ్వు రాలేదు.” కెమెరా కేసి ఒకసారి, నా కేసి ఒకసారి చూశాడు. “ఈ కెమెరా రెండు రోజులు నా దగ్గరుండనీ.”

బుధవారమంతా ఏ మందన్నది తేలలేదు. డబ్బాలో పొడి మందైతే ఫోటో నున్నగా వస్తుంది, కానీ చీకట్లో ఉన్న మొహాన్ని మింగేస్తుంది. సీసాలో మందు మొహాన్ని బయటికి లాగుతుంది, కానీ బొమ్మంతా గరుకు. గురువారానికి సీసా గెలిచింది. ఇంక ఒకటికెంత? వంటింటి తీగ మీద బట్టలకి బదులు నేను ముక్కలు ముక్కలుగా వేలాడాను. ఒకటికి ఒకటిలో చెవులొచ్చాయి. ఒకటికి రెండులో ముక్కొచ్చింది.

“ఎన్ని పాళ్ళకి మనిషవుతాడండీ మా తమ్ముడు?” అంది అక్కయ్య.

శుక్రవారం మధ్యాహ్నం నాకు ఒళ్ళు మండింది. “ఎంత కలపాలో సీసా మీద రాసే ఉంది కద బావా!”

“రాసినవాడు షెడ్డుకి రాలేదుగా.”

“నీ చాదస్తానికి రేపు ఆవిడ వట్టి చేతుల్తో నిలబడుతుంది!”

“అరవకు. తేలింది. చన్నీళ్ళు పట్టుకురా, మేస్త్రి రీలు కడుగుదాం. ఒకటికి మూడు. ఇరవయ్యారు నిమిషాలు. మూడు నిమిషాలకోసారి ఫిల్ము డబ్బా తిరగెయ్యాలి, అంతే.”

“అంత పల్చగానా?”

“చిక్కగా పోస్తే కిటికీ మండిపోతుంది. పల్చటి మందు కిటికీ దగ్గర తొందరగా అలిసిపోతుంది. నీడలో మాత్రం నింపాదిగా పనిచేస్తూనే ఉంటుంది.”

శనివారం పొద్దున్నకి ఫోటోలు ఆరాయి. కెమెరాని అల్మారాలో పెట్టబోతే, దాని పట్టీకి కట్టిన చీటీ కనిపించింది. బావ రాత. ‘షట్టర్ స్ప్రింగు మరీ బిగువు. పడాల్సిన వెలుగులో పావువంతే పడుతోంది. తీరిగ్గా చూడు. ఎవరికీ చెప్పలేదు.’

ఆ స్ప్రింగు కిందటి నెల బిగించింది నేనే. సీసా మీద రాసినట్టు కడిగుంటే మేస్త్రి కూడా నాలాగే వచ్చేవాడు కాదు. నిన్న నేను అరిచింది నా తప్పు మీద.

తల ఎత్తేసరికి ఆవిడ వచ్చేసింది. బావ ఫోటోలు బల్లమీద పరిచాడు. కిటికీ కిటికీలాగే ఉంది. దాని పక్కన మిషను మీదికి వంగిన మేస్త్రి, కళ్ళజోడు వెనక ముడతలతో సహా. ఆవిడ వేలితో తాకబోయి ఆగింది.

“ఈ గరుకేమిటన్నయ్యగారూ? ఇనుప రజను చల్లినట్టుంది.”

“చీకట్లో తీస్తే అంతేనమ్మా.”

“ఉండనివ్వండి. రోజూ ఆయన చొక్కా దులిపితే రాలేది ఇదే.” నవ్వింది. “ఇన్ని రోజులు పట్టిందేం? ఏమైనా తేడా వచ్చిందా?”

నేను నోరు తెరిచాను. “అది... కెమెరా...”

“నీళ్ళు కుదరలేదమ్మా,” అన్నాడు బావ నా మాటకి అడ్డొచ్చి. “నా చాదస్తం. మావాడు పాపం తిడుతూనే ఉన్నాడు.”

ఫోటోలు కవర్లో పెట్టి, ఇవ్వమని నా చేతికే ఇచ్చాడు.

ఆవిడ నాకేసి జాలిగా చూసింది. “ఈయనతో ఎలా వేగుతున్నారండీ?”

“అలవాటైపోయిందండీ,” అని, రెండు చేతులతో కవరు అందించాను.